సింగపూర్ ప్రయాణానికి డబ్బు ఎలా పట్టుకెళ్లాలి? నోట్లా, కార్డా? మా ఇంట్లో తేలడం లేదు

సీతమ్మధార_మేడమీద
అందరికీ నమస్కారం అండీ. వచ్చే నెల మన వైజాగ్ నుంచి నేరుగా సింగపూర్ వెళ్తున్నాం. అమ్మ, నాన్నగారు, మా ఆయన, నేను, పాప. టికెట్లు, హోటల్ అయిపోయాయి. మిగిలింది డబ్బు సంగతే. నాన్నగారు పోర్టులో చేసి రిటైర్ అయ్యారు. ఆయన మాట ఒకటే: "ఊరు కాని ఊరు, మొత్తం డాలర్ నోట్లే పట్టుకెళ్దాం, మెషిన్ పనిచెయ్యకపోతే ఎవర్ని అడుగుతాం?" మా ఆయనేమో ఒక్క రూపాయి కూడా మార్చక్కర్లేదు, క్రెడిట్ కార్డు గీకితే చాలంటారు. ట్రావెల్ ఏజెంట్ ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే ఎక్కించుకునే కార్డు) తీసుకోమని రోజూ ఫోన్. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఇంట్లో ఎవరికీ విదేశీ ప్రయాణం అలవాటు లేదు.

ఎంవీపీ_డబుల్‌రోడ్
ముగ్గురి మాటా కొంచెం కొంచెం వినండి. కొన్ని నోట్లు, ఒక ఫారెక్స్ కార్డు, ఒక క్రెడిట్ కార్డు. ఏజెంట్ చెప్పిన రేటుకి మాత్రం వెంటనే ఒప్పుకోకండి. ద్వారకా నగర్ వైపు, సిరిపురం వైపు మనీ ఛేంజర్లు ఉన్నారు, మీ బ్యాంకు బ్రాంచి ఉంది. ఒకే రోజు, ఒకే గంటలో ముగ్గురికీ ఫోన్ చేసి, "అన్నీ కలిపి నా చేతికి ఇన్ని సింగపూర్ డాలర్లు రావాలంటే మొత్తం ఎంత కట్టాలి?" అని అడగండి. రేటు ఎంత అని అడిగితే ఒక అంకె చెప్తారు, బిల్లులో కమిషన్, సర్వీస్ చార్జి విడిగా వస్తాయి. మొత్తం అడిగితే అవి దాచడానికి చోటుండదు.

పాత_నావికుడు
అమ్మా, నేను మర్చంట్ నేవీలో పనిచేసి దిగినవాణ్ణి. మీ నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. పోర్టులో మేం దిగేముందు కెప్టెన్ దగ్గర అడ్వాన్సుగా డాలర్లు తీసుకునేవాళ్లం, అప్పట్లో అదే లోకం. ఇప్పుడు అలా కాదు.

ముందు ఒక సంగతి. నాన్నగారు "డాలర్లు" అంటే అమెరికా డాలర్లేనా? సింగపూర్‌కి అవి పట్టుకెళ్లొద్దు. ఇక్కడ రూపాయిల్ని అమెరికా డాలర్లు చేసి, అక్కడ మళ్లీ సింగపూర్ డాలర్లు చేస్తే రెండుసార్లు కోత. సింగపూర్ డాలర్లు ఇక్కడే దొరుకుతాయి. ఒకవేళ చాలకపోతే అక్కడ లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్ దగ్గర, రాఫిల్స్ ప్లేస్‌లో ది ఆర్కేడ్‌లో మనీ ఛేంజర్లు పక్కపక్కనే ఉంటారు, పోటీ వల్ల రేటు బాగుంటుంది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో మాత్రం, మనదైనా వాళ్లదైనా, అవసరానికి మించి మార్చొద్దు. అర్ధరాత్రి దిగినవాడికి వేరే దారి ఉండదని వాళ్లకి తెలుసు.

నోట్లు అడిగేటప్పుడు పదులు, యాభైలు అడగండి. హాకర్ సెంటర్లో, అంటే అక్కడి చవక తిండి దుకాణాల సముదాయంలో, ఇడ్లీ కొనుక్కుని పెద్ద నోటు చాపితే ఆ అమ్మాయి ముఖం చూడాలి. మీ ఐదుగురికీ తిండికీ చిల్లర ఖర్చులకీ మూడు నాలుగు వందల సింగపూర్ డాలర్ల నోట్లుంటే చాలు. మిగతాది కార్డు మీద పెట్టండి.

డబ్బు ఒకే చోట ఉంచొద్దు. కొంత మీ ఆయన పర్సులో, కొంత మీ బ్యాగులో, కొంత హోటల్ లాకర్లో. కార్డులూ అంతే. రెండు కార్డులూ ఒకే పర్సులో ఉంటే ఒక్క కార్డు ఉన్నట్టే లెక్క.

విశేషం ఒకటి: బ్రూనై డాలరు సింగపూర్లో అదే విలువకి చెల్లుతుంది, సింగపూర్ డాలరు బ్రూనైలో చెల్లుతుంది. 1967 నుంచి ఆ ఒప్పందం ఉంది. చిల్లరలో బ్రూనై నోటు వస్తే కంగారు పడకండి, దొంగనోటు కాదు. దాన్ని అక్కడే ఖర్చు పెట్టేయండి, ఇక్కడికి తెస్తే మార్చేవాడు దొరకడు.

గాజువాక_కుర్రోడు
ఇంత లెక్కలెందుకన్నా. మా ఏరియాలో షిప్పుల మీద వెళ్లొచ్చేవాళ్ల దగ్గర డాలర్లు ఎప్పుడూ ఉంటాయి. మంచి రేటు, బిల్లు లేదు, జీఎస్టీ లేదు. తెలిసినవాళ్లే కదా.

పాత_నావికుడు
తమ్ముడూ, షిప్పుల మీద వెళ్లినవాణ్ణే చెప్తున్నా, ఆ పని చెయ్యకు, ఎవరికీ చెప్పకు. విదేశీ కరెన్సీ రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి. బయట కొంటే ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం కింద తప్పు. చట్టం సంగతి పక్కన పెట్టినా, నోటు నకిలీ అని సింగపూర్ కౌంటర్లో తేలితే నీ తెలిసినవాడు అక్కడ ఉండడు, నువ్వుంటావు. జీఎస్టీ తప్పించుకుందామని చూస్తున్నావు కదా, అదెంతో మాస్టారు చెప్తారు, చూడు.

లెక్కల_మాస్టారు
చెప్తాను. కరెన్సీ మార్పిడికి జీఎస్టీ మార్చిన మొత్తం మీద 18 శాతం కాదు. లక్ష రూపాయల వరకూ మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కకట్టి, దాని మీద 18 శాతం. ఆ విలువ రూ.250కి తగ్గకూడదు కాబట్టి కనీస పన్ను రూ.45. రూ.80,000 మారిస్తే విలువ రూ.800, పన్ను రూ.144. లక్ష మారిస్తే రూ.180. దీని కోసం బిల్లు లేకుండా కొనడం దేనికి?

అసలు కోత ఎక్కడుందంటే క్రెడిట్ కార్డులో. చాలా మామూలు కార్డులకి విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్, అంటే బ్యాంకు కలుపుకునే అదనపు చార్జి, ఉంటుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం. రూ.50,000 ఖర్చు పెడితే రూ.2,065 గాల్లో పోయినట్టే. మార్కప్ 2 శాతం ఉన్న కార్డులున్నాయి, అసలు లేనివీ ఉన్నాయి. సీతమ్మధార మేడమ్, మీ వారి కార్డు చార్జీల పట్టికలో విదేశీ లావాదేవీల మార్కప్ ఎంతో ముందు చూడమనండి. తగువు అక్కడే తేలిపోతుంది.

ఫారెక్స్ కార్డులో ఈ మార్కప్ ఉండదు, ఎక్కించిన కరెన్సీలోనే ఖర్చు పెడితే. అమెరికా డాలర్లు ఎక్కించి సింగపూర్లో గీకితే ఒక కరెన్సీని ఇంకోదానిలోకి మార్చినందుకు క్రాస్ కరెన్సీ చార్జి పడుతుంది. ఏజెంట్లు తమ దగ్గర ఉన్నది అంటగడతారు, కాబట్టి సింగపూర్ డాలర్లే ఎక్కించమని గట్టిగా చెప్పండి. కార్డు ఇచ్చినందుకు, మళ్లీ డబ్బు ఎక్కించినందుకు, ఎక్కువ కాలం వాడకుండా ఉంచినందుకు విడి చార్జీలుంటాయేమో కూడా అడగండి.

మోడరేటర్
లైసెన్సు లేనివాళ్ల దగ్గర కరెన్సీ కొనడం గురించి ఈ థ్రెడ్‌లో ఇక చర్చ వద్దు. నంబర్లు పెడితే తీసేస్తాం.

గాజువాక_కుర్రోడు
సరే సరే, వదిలేశా. పన్ను నూట నలభై నాలుగు అని తెలీదు.

బీచ్‌రోడ్_వాకర్
అందరూ రేటు గురించి చెప్తున్నారు, దానికంటే ముఖ్యమైనది ఎవరూ ఎత్తలేదు. అక్కడ కార్డు పెట్టగానే మెషిన్ తెర మీద రెండు అంకెలు వస్తాయి. ఒకటి సింగపూర్ డాలర్లలో, ఒకటి మన రూపాయల్లో. రూపాయలు చూడగానే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది, "హమ్మయ్య, ఎంతో తెలిసింది" అని అదే నొక్కుతారు. ఎప్పుడూ నొక్కకూడదు. దాన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఆ రూపాయి అంకె మన బ్యాంకు వేసింది కాదు. దుకాణం వైపు కంపెనీ తన లాభం కలుపుకుని వేసింది. పైగా విదేశీ దుకాణంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి కూడా మన బ్యాంకులు కొన్ని 1 శాతం దాకా వసూలు చేస్తాయి. అంటే దెబ్బ మీద దెబ్బ.

మాకు ఒక బట్టల షాపులో క్యాషియర్ మమ్మల్ని అడక్కుండా తనే రూపాయలు నొక్కేసింది. స్లిప్పు మీద ఐఎన్ఆర్ అని చూసి, దాన్ని రద్దు చేసి సింగపూర్ డాలర్లలో మళ్లీ గీకమన్నాం. ముందు "అంతా ఒకటే సార్" అంది. సంతకం పెట్టకుండా నిలబడ్డాం, వెనక క్యూ పెరిగింది, చేసింది. మొహమాటపడితే లాభం లేదు. స్లిప్పులో కరెన్సీ చూసుకునేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.

ఏటీఎంలోనూ ఇదే వరస. "మార్పిడి అంగీకరిస్తారా" అన్నట్టు అడుగుతుంది. వద్దు అని నొక్కితే డబ్బు రాదేమో అని భయపడతారు. వస్తుంది.

సీతమ్మధార_మేడమీద
అయ్యబాబోయ్, ఇదొకటుందని మాకెవరికీ తెలీదు. నేనైతే రూపాయలే నొక్కేదాన్ని. సింగపూర్‌లో ఏటీఎం నుంచి తీసుకోవచ్చా, లేక అన్నీ ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలా? ఇంకో టెన్షన్, ఓటీపీ. అక్కడి సిమ్ వేస్తే మా నంబరుకి ఓటీపీ ఎలా వస్తుంది?

ఎంవీపీ_డబుల్‌రోడ్
డెబిట్ కార్డుతో తీయొచ్చు, కానీ తీసిన ప్రతిసారీ మన బ్యాంకు ఫీజు, పైన మార్కప్. అందుకని కొంచెం కొంచెం తీస్తూ కూర్చోకుండా తీసేదేదో ఒకేసారి తీయండి. క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎం దగ్గరికి వెళ్లొద్దు. క్యాష్ అడ్వాన్స్ ఫీజు ఒకటి, తీసిన రోజు నుంచే వడ్డీ ఒకటి. బిల్లు తేదీ దాకా గడువు అన్నది నగదుకి ఉండదు. బ్యాంకాక్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడి ఏటీఎంలు బయటి కార్డుకి ఒక్కసారికి 200 భాట్‌కి పైనే తీసుకోవడం మామూలు. మన బ్యాంకు చార్జి దానికి అదనం.

ఓటీపీ కోసం మన సిమ్ తీసేయకండి. డ్యూయల్ సిమ్ ఫోనైతే రెండోదానిలో అక్కడి సిమ్, లేదా ఈ-సిమ్. మనదానికి చిన్న రోమింగ్ ప్యాక్ వేసి, డేటా ఆపేసి ఉంచితే మెసేజ్‌లు వస్తాయి. రోమింగ్ పనిచేస్తోందో లేదో ఇక్కడ ఉండగానే కంపెనీని అడిగి ఆన్ చేయించుకోండి, దిగాక ఆన్ చేయించుకోవడం నరకం.

డాల్ఫిన్స్‌నోస్
పెద్దది చెప్పడం మర్చిపోతున్నారు. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులకి అంతర్జాతీయ వాడకం మొదట ఆపేసి ఉంటుంది. కాంటాక్ట్‌లెస్, అంటే పిన్ లేకుండా తాకించి కట్టేది కూడా. బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకుని పరిమితి పెట్టుకోవాలి. చాలామంది ఇక్కడ రోజూ గీకే కార్డు అక్కడ పనిచెయ్యలేదని బ్యాంకుని తిడతారు.

ఇంకోటి, విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఓటీపీ అడగనే అడగవు. కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు. అందుకే ఆన్‌లైన్ అంతర్జాతీయ వాడకాన్ని టికెట్ కొనేటప్పుడు ఆన్ చేసి, అయ్యాక ఆపేయండి. దుకాణంలో గీకే వాడకం ఆన్‌లో ఉంచుకోవచ్చు, రెండూ యాప్‌లో విడివిడిగా ఉంటాయి.

రైతుబజార్_సంచి
ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు), బస్సుల గురించి నేను చెప్తా. సింప్లీగో అని ఒక పద్ధతి ఉంది. వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డుని గేటు దగ్గర తాకిస్తే చాలు, టికెట్ కొనక్కర్లేదు. కాకపోతే ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి. మీ ఆయన కార్డుతో నలుగురూ వెళ్లలేరు. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను తాకిస్తే అది రెండు కార్డులుగా లెక్కేసి పూర్తి దూరం చార్జీ పడుతుంది. విదేశీ కార్డుకి వాడిన రోజుకి 60 సెంట్లు అదనం. అమ్మగారికీ నాన్నగారికీ స్టేషన్లో ఈజీ-లింక్ ప్రీపెయిడ్ కార్డులు తీసి, వాళ్ల చేతికే ఇచ్చేయండి. మా అత్తగారు తన కార్డు తనే తాకించి దర్జాగా లోపలికి వెళ్లారు, మేం వెనకాల నిలబడ్డాం.

అన్నట్టు, ఆ దేశంలోకి వెళ్లేముందు ఆన్‌లైన్లో నింపే ఫారం, సింగపూర్ అరైవల్ కార్డ్, ఉచితం. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి వాళ్ల ఇమిగ్రేషన్ సైట్లో నింపొచ్చు. గూగుల్‌లో వెతికితే డబ్బడిగే సైట్లు పైన కనపడతాయి, కార్డు నంబరు అడిగితే తప్పు చోటికి వచ్చినట్టే.

అప్పూఘర్_అల
ఫోన్‌పే, గూగుల్ పే పనిచేస్తాయంటున్నారు కదా, ఈ గొడవంతా దేనికి?

డాల్ఫిన్స్‌నోస్
అన్నిచోట్లా కాదు. 2021లో భూటాన్‌తో మొదలై, 2024 ఫిబ్రవరిలో పారిస్‌లో ఐఫిల్ టవర్ దగ్గర, అదే నెలలో శ్రీలంక, మారిషస్‌లలో యూపీఐ వచ్చింది. సింగపూర్‌తో 2023 ఫిబ్రవరిలో వచ్చిన పేనౌ (మన యూపీఐ లాంటి వాళ్ల పద్ధతి) లింకు ప్రధానంగా ఒకరి ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాకి పంపుకోవడానికి. దుకాణాల్లో కొన్నిచోట్ల మాత్రమే. దాన్ని నమ్ముకుని పర్సు ఇంట్లో పెట్టి వెళ్లొద్దు. ఉన్నచోట వాడాలంటే యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ముందుగా ఆన్ చేయాలి, కట్టేముందు తెర మీద రూపాయల మొత్తం చూడాలి.

స్టీల్‌ప్లాంట్_క్వార్టర్స్
విదేశీ ఖర్చు మీద 20 శాతం పన్ను ముందే పట్టుకుంటారని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. నిజమేనా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
సగం నిజం, అందుకే భయపెడుతోంది. అది టీసీఎస్, అంటే డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను. ఒక ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపే, మార్చే డబ్బు పది లక్షలు దాటితే, దాటినదాని మీద. ఆ హద్దు ముందు ఏడు లక్షలుండేది, 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు చేశారు. సింగపూర్ వెళ్లే సీతమ్మధార మేడమ్‌కి దాంతో పనిలేదు. అక్కడ ఉండి గీకే అంతర్జాతీయ క్రెడిట్ కార్డు ఖర్చుని ఈ లెక్కలోకి తెస్తామని 2023లో అన్నారు, మళ్లీ వాయిదా వేశారు.

టూర్ ప్యాకేజీ దారి వేరు. ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. రేటు బడ్జెట్లలో మారుతూ వచ్చింది కాబట్టి కట్టే రోజున బిల్లులో చూసుకోండి. మరీ ముఖ్యంగా, టీసీఎస్ పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద ఆదాయపు పన్ను ఖాతాలో కనపడుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటారు లేదా తిరిగి ఇస్తారు. రిటర్న్ వెయ్యని పెద్దవాళ్ల పాన్ ఇచ్చి ప్యాకేజీ కొంటే ఆ డబ్బు కోసం ప్రత్యేకంగా రిటర్న్ వెయ్యాల్సి వస్తుంది. ఏజెంట్లు ఈ మాట చెప్పరు.

సీతమ్మధార_మేడమీద
మా ఆయన కార్డు మార్కప్ చూశాం మాస్టారూ, 3.5. ఆయన ఇప్పుడు మౌనంగా టీ తాగుతున్నారు. నాన్నగారు మాత్రం నోట్లు ఎంతైనా పట్టుకెళ్లొచ్చు కదా అని ఇంకా అడుగుతున్నారు.

పాత_నావికుడు
ఎంతైనా కాదమ్మా. నోట్ల రూపంలో ఒకరికి ఒక ప్రయాణానికి 3,000 అమెరికా డాలర్లకి సరిపడా దాకానే. ఇరాక్, ఇరాన్, రష్యా లాంటి కొన్ని దేశాలకి, హజ్ యాత్రికులకి వేరే హద్దులు. మిగతాది కార్డులో. కొనేటప్పుడు పాస్‌పోర్ట్, పాన్, టికెట్ చూపాలి. రూ.50,000 పైన అయితే రూపాయలు నగదుగా ఇవ్వకూడదు, చెక్కో ట్రాన్స్‌ఫరో. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే కొనొచ్చు. మన రూపాయలు తిరుగు ప్రయాణంలో ఇంటికి ఆటో ఎక్కడానికి ఉంచుకోండి, 25,000 దాకా పట్టుకెళ్లొచ్చు. బిల్లు పారెయ్యొద్దు.

మధురవాడ_మిట్ట
థ్రెడ్ పక్కదారి పట్టించినందుకు క్షమించాలి. మా మావయ్య ఎప్పుడో లండన్ నుంచి తెచ్చిన కాగితం ఇరవై పౌండ్లు, యాభై పౌండ్ల నోట్లు బీరువాలో ఉన్నాయి. నేను లండన్ వెళ్తున్నాను కదా అని ఇచ్చారు. అక్కడ చెల్లుతాయా?

పాత_నావికుడు
దుకాణంలో చెల్లవు బాబూ. కాగితం ఇరవైలు, యాభైలు 2022 సెప్టెంబరు 30తో చెలామణీ ఆగిపోయాయి, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ నోట్లు. విలువ పోలేదు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఎప్పటికైనా మార్చి ఇస్తుంది. లండన్ వెళ్లాక ఆ పని చూసుకో. అమెరికా డాలర్లు అలా కాదు, ఎంత పాతదైనా చట్టప్రకారం చెల్లుతుంది. కానీ ఆసియాలో చాలాచోట్ల మనీ ఛేంజర్లు మడతపడ్డ, పెన్ను గీత ఉన్న, పాత బొమ్మ ఉన్న వంద డాలర్ల నోటుని తక్కువ రేటుకి తీసుకుంటారు లేదా తిప్పి పంపుతారు. రంగూన్‌లో ఒకప్పుడు సన్న మడత ఉంటే చాలు, వద్దనేవాళ్లు.

అప్పూఘర్_అల
వియత్నాం వెళ్లేవాళ్లూ జాగ్రత్త. అక్కడ 20,000 డాంగ్ నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే. టాక్సీలో చీకట్లో ఇస్తే అంతే సంగతులు. ఐదు లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి.

స్టీల్‌ప్లాంట్_క్వార్టర్స్
మేం అమెరికా, అబ్బాయి దగ్గరికి. వాడు "ఏమీ తేకండి, నేనున్నా" అంటాడు. అయినా మన చేతిలో కొంత ఉండాలి కదా.

బీచ్‌రోడ్_వాకర్
ఉండాలి సార్. చిన్న నోట్లు కొన్ని, ఒక కార్డు. అక్కడ అట్ట మీద రాసిన ధరకి కౌంటర్ దగ్గర సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది, హోటల్లో కూర్చుని తింటే 15 నుంచి 20 శాతం టిప్పు మామూలు. పెట్రోలు బంకులో మెషిన్ జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అడుగుతుంది, మన కార్డుకి అది ఉండదు. లోపలికెళ్లి కౌంటర్లో కడితే సరిపోతుంది. హోటల్లో డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు ఇవ్వొద్దు. ఆ మొత్తాన్ని ఆపేస్తారు, ఖాళీ చేశాక కూడా విడుదలవడానికి రోజులు పడుతుంది, మీ డబ్బు మీకే అందదు. అక్కడ క్రెడిట్ కార్డు ఇవ్వండి. సీతమ్మధార మేడమ్, మీకూ ఇదే వర్తిస్తుంది. మీ వారి కార్డుకి ఆ పని అప్పజెప్పండి, పాపం.

సీతమ్మధార_మేడమీద
చెప్పాను, నవ్వారు. మిగిలిపోయిన డాలర్లు తిరిగొచ్చాక ఏం చెయ్యాలి? కార్డు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

లెక్కల_మాస్టారు
నోట్లు 2,000 అమెరికా డాలర్ల విలువ దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. దానికి మించినవి, తిరిగొచ్చిన 180 రోజుల్లో అమ్మేయాలి. నాణేలకి హద్దు లేదు, కానీ వాటిని ఎవరూ కొనరు. చివరి రోజు చాంగీ ఎయిర్‌పోర్టులో పాపకి చాక్లెట్లకి ఖర్చు పెట్టేయండి. ఫారెక్స్ కార్డులో మిగిలినదాన్ని తిరిగి రూపాయల్లోకి మార్చుకోవచ్చు, ఆ రోజు కొనుగోలు రేటుకి.

డాల్ఫిన్స్‌నోస్
కార్డు పోతే ముందు యాప్‌లో ఆపేయండి, తర్వాత ఫోన్. కార్డు వెనక ఉండే 1800 నంబరు అక్కడి నుంచి సాధారణంగా కలవదు. బ్యాంకు సైట్లో +91తో మొదలయ్యే మామూలు నంబరు ఉంటుంది, దాన్ని రాసి నలుగురి దగ్గరా ఉంచండి, ఫోన్‌లో ఒక్కదానిలో కాదు. ఫోనూ కార్డూ కలిసే పోతాయి ఒక్కోసారి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎవరో కాజేస్తే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీ మీద భారం పడదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది. ఫిర్యాదు నంబరు తప్పకుండా అడిగి తీసుకోండి. పిన్ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీ ఖాతాలోదే. నాన్నగారి కార్డు కవరు మీద పిన్ రాసి పెట్టుకునే అలవాటు ఉందేమో ఒకసారి చూడండి.